హైబ్రిడ్ ఇన్నోవా కొన్న మేనకోడలికి

అమ్మడూ,

సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించిన ఫోటోలు చూశాం. చాలా సంతోషంగా ఉంది. మీ అత్తయ్య ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఫోన్ తీసి చూపిస్తోంది. నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో ఏదో చెప్పి పెట్టేశాను గానీ నాకే తృప్తిగా అనిపించలేదు. "కంపెనీవాళ్ళు లీటరుకి 23 అన్నారు, నాకు 13 చూపిస్తోంది, బండిలో ఏమైనా లోపముందా మావయ్యా" అన్నావు కదా. ఇదే బండి నేను రెండేళ్ళకు పైగా ఇదే విశాఖలో నడుపుతున్నాను, మొదటి నెల నాకూ అచ్చం అదే టెన్షన్ ఉండేది. అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నా.

ముందు ఒకటి గుర్తుపెట్టుకో. పేరు ఇన్నోవానే అయినా ఇది మీ నాన్న పదేళ్ళు నడిపిన డీజిల్ బండికి వారసురాలే గానీ ఆ బండి కాదు. 2005లో వచ్చిన మొదటి ఇన్నోవా, 2016లో వచ్చిన క్రిస్టా, రెండూ కింద లారీకి ఉన్నట్టు ఇనుప ఛాసిస్ మీద బాడీ ఎక్కించిన బండ్లు, వెనక చక్రాలు తోసేవి. 2022 నవంబర్‌లో చూపించిన ఈ హైక్రాస్‌ని మొదటి నుంచీ మళ్ళీ గీశారు. ఛాసిస్ తీసేసి బాడీనే గట్టిగా కట్టారు, ముందు చక్రాలు లాగేలా చేశారు, డీజిల్ పూర్తిగా మానేసి రెండు లీటర్ల పెట్రోల్ ఇంజినుకి మోటారు జత చేశారు. ఇంజిను శక్తిని వెనక చక్రాలకి మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ లేకపోవడం వల్ల లోపల చోటు కలిసొచ్చింది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం క్రిస్టా కంటే 100 మిల్లీమీటర్లు పెరిగి 2850 అయింది. అమ్మమ్మని మూడో వరసలో కూర్చోబెట్టి సింహాచలం తీసుకెళ్ళినప్పుడు ఆ తేడా నీకే తెలుస్తుంది, పాత బండిలో ఆవిడ మోకాళ్ళు పట్టేసేవి.

ఇక అసలు విషయం. ఈ బండిలో మైలేజీ బ్రేకు దగ్గర పుడుతుంది. యాక్సిలరేటర్ దగ్గర ఎంత పొదుపు చేసినా, బ్రేకు సరిగ్గా వెయ్యడం రాకపోతే ఆ 13 మారదు.

ఎందుకో చెప్తాను. నేను స్టీల్‌ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు మోటార్ల దగ్గరే బతికాను కదా, పెద్ద క్రేన్ బరువు దించేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి కరెంటు పుట్టిస్తుంది, మా రోజుల్లో ఆ కరెంటుని రెసిస్టెన్సు గ్రిడ్లలోకి పంపి వేడిగా తగలేసేవాళ్ళం. ఆ గ్రిడ్ల పక్కన నిలబడితే మొహం కాలేది, ఇంత కరెంటూ గాలికి పోతోందే అని బాధేసేది. కొత్త త్రీఫేజ్ రైలింజన్లయితే బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటుని పై తీగలోకి తిరిగి పంపిస్తాయి. నీ కారు చేసేదీ అదే పని, కాకపోతే తీగ బదులు బ్యాటరీలోకి పంపుతుంది. నువ్వు బ్రేకు మీద కాలు మెల్లగా ఆనిస్తే చాలావరకు మోటారే బండిని ఆపుతుంది, చక్రం దగ్గర డిస్కుని నొక్కి ఆపే ప్యాడ్లు చివర్లో గానీ పట్టుకోవు. అదే చివరి క్షణంలో గట్టిగా తొక్కావనుకో, మోటారు తీసుకోగలిగిన దానికి ఒక హద్దుంది, మిగతాదంతా ప్యాడ్ల మీద వేడై పోతుంది. మీ ఇంటి దగ్గర్నుంచి ఆఫీసుకి మధురవాడ, ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం కదా నీ దారి. హనుమంతవాక సిగ్నల్ ఎర్రగా ఉందని దూరం నుంచే కనిపిస్తుంది. అప్పుడే యాక్సిలరేటర్ వదిలేసి, బ్రేకు మీద పాదం బరువు మాత్రం పెట్టి, మీటర్లో ముల్లు సీహెచ్‌జీ (చార్జింగ్) అన్న చోట నిలబడేలా చూసుకుంటూ వెళ్ళు. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనీ. వారం రోజులు ఇలా చేసి నాకు ఫోన్ చెయ్యి.

ఇంకో రెండు కారణాలున్నాయి ఆ 13కి. నువ్వు రోజూ ఉదయం రైతుబజారుకీ, పిల్లాడి బడికీ వేసే ట్రిప్పులు రెండేసి కిలోమీటర్లు. చల్లారిన ఇంజిను ముందు తను వేడెక్కాలి, సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ని వేడెక్కించాలి, అందుకని బండి కదలకపోయినా ఇంజిను నడుస్తుంది. అది వేడెక్కే లోపు నువ్వు ఇంటికి వచ్చేస్తావు. కుదిరితే ఆ రెండు పనులూ ఒకే ట్రిప్పులో కలిపెయ్యి. రెండోది, కంపెనీ చెప్పే 23.24 అనేది పరీక్షశాలలో వచ్చిన అంకె, మన ఊరి ఉక్కపోతలో ఏసీ వేసుకుని నడిపిన అంకె కాదు. నాకు సిటీలో పదహారు, పదిహేడు వస్తుంది, శ్రీకాకుళం వైపు హైవే మీద ఎనభై దాటకుండా వెళ్తే పంతొమ్మిది, ఇరవై. నా పాత డీజిల్ బండి సిటీలో పదకొండు దాటేది కాదు, దానితో పోల్చుకుని నేను హాయిగా ఉన్నాను. రోజూ డిస్‌ప్లే చూసి బెంగపెట్టుకోకు, ట్యాంకు నిండా కొట్టించిన దగ్గర్నుంచి మళ్ళీ నిండా కొట్టించే దాకా లెక్కేసుకో.

ఏసీ విషయానికి భయపడి చెమటలు కక్కుతూ కూర్చోకు తల్లీ. దీని ఏసీ కంప్రెసర్ కరెంటుతో నడిచేది, ఇంజిను ఆగినా చల్లగాలి ఆగదు. జగదాంబ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఇంజిను మాట్లాడకుండా ఏసీ నడుస్తుంటే ఎంత ప్రశాంతంగా ఉంటుందో, ఆ సుఖం కోసమే కొనొచ్చు ఈ బండి. కానీ అదే ట్రాఫిక్‌లో ఒక అలవాటు మానుకోవాలి. పాత బండిలాగా సిగ్నల్ పడగానే న్యూట్రల్‌లో వెయ్యొద్దు. న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ పెద్ద బ్యాటరీ చార్జ్ అవ్వదు, ఏసీ మాత్రం దాన్ని తాగుతూనే ఉంటుంది. డీ (డ్రైవ్)లో ఉంచి బ్రేకు పట్టుకో, చాలాసేపు అయ్యేలా ఉంటే పీ (పార్కింగ్)లో పెట్టు. మీ నాన్నకి కూడా గట్టిగా చెప్పు, దిగుడు రోడ్డు మీద న్యూట్రల్ చేసి పెట్రోల్ మిగిల్చే అలవాటు బావకి ఎప్పటినుంచో ఉంది, ఈ బండిలో అది నష్టమూ, ప్రమాదమూ కూడా.

ఘాట్ రోడ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే వచ్చే నెల అరకు అంటున్నారు కదా. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఎక్కేటప్పుడు ఇంజిను గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం ఆ అరుపుకి తగ్గట్టు ఎగిరిపోదు. కంగారు పడకు. ఇందులో మామూలు గేర్లు లేవు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే పళ్ళచక్రాల గుంపు, దాన్నే ప్లానెటరీ గేరు సెట్టు అంటారు, ఇంజినునీ రెండు మోటార్లనీ కలిపి పెడుతుంది, ఇంజిను తనకు బాగున్న వేగంలో తిరుగుతుంది, చక్రాలు తమకు కావలసిన వేగంలో తిరుగుతాయి. యాక్సిలరేటర్ని కొద్దిగా సడలిస్తే శబ్దం తగ్గుతుంది, వేగం అంతగా తగ్గదు, ప్రయత్నించి చూడు. ఏడుగురు ఎక్కి, వెనక సామాను నింపితే బరువంతా వెనక్కి పోయి, లాగే ముందు చక్రాలు తేలికవుతాయి. వాన తడిలో, నిట్ట నిలువు మలుపులో ఆపి మళ్ళీ ఎక్కించడం పాత ఇన్నోవాకి తేలిక, దీనికి కాదు. ముందు బండికి దూరం ఇచ్చి, ఆగకుండా ఎక్కేలా చూసుకో.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. గాలికొండ వ్యూపాయింట్ నుంచి కిందకి వస్తుంటే మొదటి కొన్ని కిలోమీటర్లలోనే బ్యాటరీ బండి పెట్టుకున్న హద్దు దాకా నిండిపోతుంది. నిండాక మోటారు పట్టుకునే శక్తి తగ్గిపోతుంది, బ్రేకు పెడల్ వేరేలా అనిపిస్తుంది. ఇంజిను పెట్రోల్ తాగకుండానే వేగంగా తిరుగుతూ చప్పుడు చేస్తుంది, అది బండిని పట్టి ఉంచడానికే, చెడిపోయి కాదు. అందుకని బ్యాటరీ నిండకముందే ఇంజిన్ బ్రేకింగ్ కోసం ఇచ్చిన పొజిషన్‌లోకి మార్చుకుని నిదానంగా దిగు. ఇదంతా ముందు సింహాచలం కొండ మీద రెండుసార్లు చేసి చూసుకో, ఆ తర్వాతే అరకు.

ఇప్పుడు సముద్రం సంగతి. నువ్వు ఆదివారాలు బీచ్ రోడ్డు, ఋషికొండ, భీమిలి తిరుగుతావు, మంచిదే. కానీ ప్యాడ్ల పని మోటారు చేస్తుంటే డిస్కులు వాడకం లేక ఊరుకుంటాయి, మన ఉప్పుగాలికి రాత్రికి రాత్రే వాటి మీద తుప్పు పొర కడుతుంది. ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరలాడితే అదే. పదిహేను రోజులకోసారి ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, నాలుగైదు సార్లు కాస్త గట్టిగా బ్రేకు వెయ్యి, తుప్పు రాలిపోతుంది. సర్వీసులో "ప్యాడ్లు అరగలేదు మేడమ్, ఏం చూడక్కర్లేదు" అంటే ఒప్పుకోకు, విప్పి శుభ్రం చేయించు, అరగకపోయినా బిగుసుకుపోతాయి. నెలకోసారి కింది భాగం మంచినీళ్ళతో కడిగించు.

పెద్ద బ్యాటరీ గురించి అందరూ నిన్ను భయపెడతారు. అయిదేళ్ళకి లక్షలు పెట్టాలి, మార్చాలి అని మా అపార్ట్‌మెంట్‌లోనే రోజుకొకరు అంటారు. కంపెనీ దానికి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు వారంటీ ఇస్తుంది, ఇది నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, టయోటా 1997లో జపాన్‌లో మొదటి ప్రియస్ అమ్మినప్పటి నుంచీ వాళ్ళకి చేయి తిరిగిన రకం. పూర్తిగా నింపడం, పూర్తిగా ఖాళీ చెయ్యడం బండి ఎప్పుడూ చెయ్యదు, మధ్యలోనే తిప్పుతుంది, అందుకే మన్నుతుంది. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, దానికి చల్లగాలి అందే జాలీ ఎక్కడుందో మాన్యువల్లో చూసి, దానికి అడ్డంగా సంచులు, దుప్పట్లు, బొమ్మలు పెట్టకుండా చూసుకోవడం. బీచ్ ఇసుక, పిల్లాడి చిప్స్ పొడి అందులోకి పోకూడదు. నారింజ రంగు వైర్లు ఎక్కడ కనిపించినా ముట్టుకోకు, వీధి మెకానిక్‌ని ముట్టుకోనివ్వకు. సీట్ కవర్లు, లైట్లు వేసేవాళ్ళతోనూ ఈ మాట ముందే చెప్పు.

నన్ను ఇబ్బంది పెట్టింది పెద్ద బ్యాటరీ కాదు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ. పోయిన ఏడు బెంగళూరులో పెద్దమ్మాయి దగ్గర ఆరు వారాలుండి వచ్చేసరికి బండి తలుపు కూడా తెరుచుకోలేదు. కంప్యూటర్లని లేపేది ఆ చిన్నదే, అది పడుకుంటే పెద్దదాంట్లో ఎంత చార్జ్ ఉన్నా లాభం లేదు. రిమోట్ లోపల ఇనుప తాళంచెవి ఉంటుంది, దాంతో తెరిచాను. ఇప్పుడు ఊరెళ్తే పక్కింటి కుర్రాడికి చెప్పి వారానికోసారి బయట నిలబెట్టి అరగంట రెడీలో, అంటే నడవడానికి సిద్ధంగా ఆన్ చేసి, ఉంచమంటున్నాను. గుర్తుంచుకో, రెడీ అన్న లైటు వెలగాలి, ఊరికే బటన్ నొక్కి పాటలు వింటే చార్జ్ అవ్వదు, ఇంకా ఖాళీ అవుతుంది.

ఆ రెడీ లైటు గురించే మరో మాట, ఇది నిజంగా భయంతో చెప్తున్నాను. చప్పుడు లేదని బండి ఆగిపోయిందనుకుని నువ్వు దిగిపోతావు, లోపల పిల్లాడుంటాడు. వాడు ఒక్కసారి బ్రేకు తొక్కి లివర్ కదిపితే బండి కదులుతుంది. దిగే ముందు పీ, తర్వాత బటన్, తర్వాత లైటు ఆరిందా లేదా అని కళ్ళతో చూడటం, ఈ మూడూ చేతికి అలవాటయ్యేదాకా పైకి అనుకుంటూ చెయ్యి. సందుల్లో ముసలివాళ్ళకీ, ఆవులకీ నువ్వు వెనకొస్తున్నట్టు తెలియదు, దూరం నుంచే చిన్న హారన్ ఇవ్వు.

వానల్లో రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్ళు నిలిస్తే దిగకు, చుట్టూ తిరిగిరా. ఒకవేళ నిలబెట్టిన చోటే నీళ్ళు లోపలికి వస్తే స్టార్ట్ చెయ్యకుండా సర్వీసువాళ్ళకి ఫోన్ చెయ్యి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు, కరెంటు లేదు, బంకుల దగ్గర క్యూలు రోడ్డు మీదకి వచ్చేశాయి. అప్పటి నుంచి తుఫాను హెచ్చరిక వినగానే ట్యాంకు నింపడం నాకు అలవాటు. దీన్ని ప్లగ్గుకి పెట్టే పని లేదు, 52 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే చాలు, చాలా రోజులు ఊళ్ళో తిరగొచ్చు. నువ్వూ అలాగే చెయ్యి.

ఆయిల్ మాన్యువల్లో రాసిన పల్చటిదే పోయించు, నాన్న దగ్గర మిగిలిన డీజిల్ బండి డబ్బా వాడొద్దు. కూలెంట్ డబ్బాలు రెండుంటాయి, ఒకటి ఇంజినుకి, ఒకటి బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌కి, చాలామంది మొదటిదే చూస్తారు. రెండూ చూడు.

ఈ ఆదివారం పొద్దున్నే ఆరింటికి బయల్దేరి ఇంటికి వచ్చెయ్యి, అత్తయ్య పెసరట్టు వేస్తానంటోంది. తిన్నాక భీమిలి దాకా వెళ్దాం, వెళ్ళేటప్పుడు నువ్వు నడుపు, వచ్చేటప్పుడు నేను నడుపుతా, బ్రేకు మీద కాలు ఎలా పెడతానో పక్కన కూర్చుని చూద్దువుగాని. టైర్లలో గాలి మాత్రం బయల్దేరే ముందు, చల్లగా ఉన్నప్పుడే చూసుకో.

మీ మావయ్య