కాలిక్యులస్ సంగతి తర్వాత, ముందు భిన్నాలు చూడండి

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది ఆమదాలవలస. మా ఆయన రైల్వేలో పనిచేస్తారు, బదిలీల వల్ల బాబు నాలుగేళ్లలో మూడు స్కూళ్లు మారాడు. చివరి స్కూల్లో లెక్కల పీరియడ్ వస్తోందంటే చాలు కడుపునొప్పి అనేవాడు. అందుకని 6వ తరగతి అయ్యాక మాన్పించి ఇంట్లోనే చెప్పుకుంటున్నాను. ఇప్పుడు వాడికి 12 నిండాయి, ఇంజనీరింగ్ చదువుతానంటాడు. డల్లాస్‌లో ఉన్న మా అప్ప కొడుకు వీడి ఈడువాడే. 7వ తరగతిలోనే ఆల్జీబ్రా 1 చేస్తున్నాడట, 11కి వచ్చేసరికి కాలిక్యులస్‌లో ఉంటాడట. ఆ పుస్తకాలే తెప్పించమని అప్ప పోరుతోంది. ఇక్కడ ట్యూషన్ వాళ్లేమో ఫౌండేషన్ మెటీరియల్ కొనమంటున్నారు. నేను తెలుగు మీడియంలో బైపీసీ చదివినదాన్ని. ఏది కొనాలి, ఎంత వేగంగా వెళ్లాలి? రాత్రి పడుకున్నా ఇదే టెన్షన్.

జవాబు: అమ్మా, ముందు ఆ డల్లాస్ లెక్క తేల్చేద్దాం, సగం టెన్షన్ అక్కడే ఉంది. అమెరికాలో ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్ అని వరసగా ఒక్కోదానికి ఒక్కో ఏడాది. 7లో మొదలుపెట్టినవాడు 11లో కాలిక్యులస్‌కి చేరతాడు, అంటే సుమారు 16 ఏళ్లకి. మన ఎన్‌సీఈఆర్‌టీ (సీబీఎస్‌ఈ బడుల్లో చదివే కేంద్రం పుస్తకాలు) 11వ తరగతి పుస్తకంలో అవధులు (లిమిట్స్), అవకలజాలు (డెరివేటివ్స్) అని కాలిక్యులస్ మొదలయ్యే అధ్యాయం ఒకటి ఉంది, అది చదివే పిల్లలకీ ఇంచుమించు అదే వయసు. అమెరికా పిల్లలు ఆ ఒక్క ఏడాదిలో చాలావరకు చేసేస్తారు, మనకి పెద్ద భాగం 12లో వస్తుంది, తేడా అంతే. మీవాడు ఎక్కడా వెనకబడలేదు.

వాళ్ల పుస్తకాలు మంచివి కావని కాదు. కానీ వాళ్లు బీజగణితం ఒక ఏడాది, రేఖాగణితం ఇంకో ఏడాది విడగొట్టి చెబుతారు, మన పుస్తకాల్లో రెండూ ప్రతి ఏడాదీ కొంచెం కొంచెంగా పెరుగుతూ వస్తాయి. ఒక దారిలో ఏడాదిన్నర నడిచి రెండోదానిలోకి దూకితే, రేఖాగణితంలో రుజువులు రాయడం రాలేదని, లేదా వర్గ సమీకరణాలు అసలు ముట్టుకోలేదని మధ్యలో తెలుస్తుంది. అందుకే ఏదో ఒకటి వెన్నెముకలా పెట్టుకోండి, మిగతావి పక్కన ఉండాలి. మీకు నేను చెప్పేది ఎన్‌సీఈఆర్‌టీ. పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పరీక్షలకీ పనికొస్తాయి, మీరు ఎక్కడికి బదిలీ అయినా అవే. ఒక పాఠం అర్థం కాకపోతే ఖాన్ అకాడమీ వీడియో ఉచితంగా చూపించండి, ఒక్క పాఠం కోసమే. ఫౌండేషన్ మెటీరియల్ మాత్రం కొనకండి. నేను చూసినవాటిలో 7వ తరగతి పిల్లాడికి 11వ తరగతి ఫార్ములా ఇచ్చి, ఎందుకో చెప్పకుండా యాభై బిట్లు చేయిస్తారు. కడుపునొప్పి వచ్చిన పిల్లాడికి అది మళ్లీ తెప్పించడమే.

అసలు విషయానికి వస్తాను. విజయనగరంలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పాను. కాలిక్యులస్ దగ్గర ఆగిపోయిన పిల్లల్లో ఎక్కువమంది నిజానికి ఆగింది కాలిక్యులస్ దగ్గర కాదు. ఒకబ్బాయి గుర్తున్నాడు, చురుకైనవాడు, 1 బై ఎక్స్‌కి అవకలజం కనుక్కోవాలి. 1 బై (ఎక్స్ ప్లస్ హెచ్) లోంచి 1 బై ఎక్స్ తీసెయ్యాలి, వచ్చినదాన్ని హెచ్‌తో భాగించాలి, హెచ్‌ని సున్నాకి దగ్గర చెయ్యాలి. అవధి అంటే ఏమిటో వాడు నాకే చక్కగా చెప్పాడు. కానీ రెండు భిన్నాలు తీసివేసేటప్పుడు కింద ఎక్స్ ఇంటూ (ఎక్స్ ప్లస్ హెచ్) ఎలా వచ్చిందో, పైన మైనస్ హెచ్ ఒక్కటే ఎలా మిగిలిందో వాడికి తెలియలేదు. "లిమిట్ తెలిసింది మాస్టారూ, ఈ కింద ఉన్నదే తెలీలేదు" అన్నాడు. అది 7, 8 తరగతుల్లో తేలిపోవలసిన భిన్నాల లెక్క. ఆ రోజు మేం అవకలజం పక్కన పెట్టి 3 బై 4 లోంచి 2 బై 5 తీసివేయడం దగ్గరకి వెళ్లాం, వారం పట్టింది, ఆ తర్వాత వాడే మిగతా క్లాసుకి బోర్డు మీద చేసి చూపించాడు.

కాబట్టి మీరు ఏదీ కొనకముందు ఈ ఆదివారం మీవాడితో పక్కన కూర్చోండి, పరీక్ష అనకండి. 3 బై 4 ని 2 బై 5 తో భాగించమనండి. 15 బై 8 అని చెబితే సరిపోదు, తిరగేసి గుణించడం ఎందుకో బొమ్మ గీసి చెప్పగలడా చూడండి. మైనస్ 3 ని మైనస్ 4 తో గుణిస్తే ప్లస్ ఎందుకు వస్తుందో అడగండి. కిలో జీడిపప్పు ధర 20 శాతం పెరిగి తర్వాత 20 శాతం తగ్గితే పాత ధరకే వస్తుందా అని అడగండి. (రాదు, 100 కి 96 అవుతుంది. పెద్దవాళ్లూ తప్పు చెప్పే లెక్క ఇది.) వీటిలో తడబడితే 6వ తరగతి పుస్తకంలో భిన్నాలు, రుణసంఖ్యల పాఠాలు రెండు నెలలు చేయించండి, వెనక్కి వెళ్తున్నామని వాడి ముందు ఒక్క మాట కూడా అనకండి.

ఇక వేగం. రోజుకి 45 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఏడాదికి 40 వారాలు వేసుకుంటే 200 రోజులు వస్తాయి. పండగలకి, జ్వరాలకి, సామాన్లు సర్దుకోవడానికి అప్పటికే చోటు ఉంది. 7, 8 పుస్తకాల్లో విషయం కొంత మళ్లీ వస్తుంది కనక రెండూ కలిపి ఏడాదిన్నరలో అవుతాయి, కానీ 9, 10 మాత్రం కుదించకండి, ఒక్కోదానికి నిండా ఏడాది ఇవ్వండి. అప్పుడు పదిహేనున్నరకి 11వ తరగతి పుస్తకం తెరుస్తాడు, అదేమీ ఆలస్యం కాదు. 10వ తరగతి పుస్తకంలో 14 అధ్యాయాలు, లెక్క ప్రకారం ఒక్కోదానికి 14 రోజులు. అలా సమానంగా పంచకండి. వర్గ సమీకరణాలకి, త్రికోణమితికి పాతికేసి రోజులు ఇచ్చినా తక్కువే, సాంఖ్యక శాస్త్రం (స్టాటిస్టిక్స్) వారం పది రోజుల్లో అయిపోతుంది. శుక్రవారం కొత్త పాఠం వద్దు, నెల కిందటి అధ్యాయంలోంచి ఐదు లెక్కలు పుస్తకం మూసి చేయించండి. నాలుగు వస్తే ముందుకి. రెండే వస్తే మళ్లీ అదే అధ్యాయం, క్యాలెండర్ ఏం చెప్పినా సరే.

కాలిక్యులస్‌ని మాత్రం 15 ఏళ్లదాకా దాచిపెట్టాలని కాదు. మీవాడికి రైళ్లు తెలుసు కదా. మీ ఊరి స్టేషన్ శ్రీకాకుళం రోడ్డు నుంచి విజయనగరం సుమారు 70 కిలోమీటర్లు, పాసింజర్‌కి గంటన్నర పట్టిందనుకోండి, సగటు వేగం గంటకి 47 దాకా వస్తుంది. కానీ చీపురుపల్లిలో ఆగినప్పుడు వేగం సున్నా కదా, మరి 47 ఎక్కడుంది? ఈసారి వెళ్లేటప్పుడు కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పట్టాల పక్కన కిలోమీటరు రాయి వచ్చినప్పుడల్లా వాచీ చూసి టైము రాయమనండి, ఇంటికొచ్చి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలపమనండి. గీత నిటారుగా లేచినచోట బండి జోరుగా వెళ్లింది, అడ్డంగా పడుకున్నచోట ఆగింది. ఆ వాలే తర్వాత అవకలజం అవుతుంది. పేరు ఇప్పుడే చెప్పక్కర్లేదు.

మీ బైపీసీ గురించి బెంగ వద్దు. వాడి కన్నా ఒక అధ్యాయం ముందు చదువుకోండి చాలు. ఇంగ్లిష్ పుస్తకంలో ముడి పడితే పాత తెలుగు అకాడమీ ఇంటర్ లెక్కల పుస్తకాలు పక్కన పెట్టుకోండి. అవధి, అవకలనం, సమాకలనం (ఇంటిగ్రేషన్) అనే మాటలు అర్థం చెబుతూనే ఉంటాయి, నాకు ఆ పుస్తకాలంటే ఇప్పటికీ ప్రాణం. సర్టిఫికెట్‌కి ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ఉంది, 14 నిండితే 10వ తరగతి స్థాయిలో చేరొచ్చు. దాని సిలబస్ వరస ఎన్‌సీఈఆర్‌టీలా ఉండదు, పరీక్షకి ఆరు నెలల ముందు ఒకసారి పోల్చి చూసుకోండి.

ప్రశ్న: మాస్టారూ, మాది బొబ్బిలి. మా పాప ఇంట్లోనే 10వ తరగతి లెక్కలు పూర్తిచేసింది. త్రికోణమితి బోరు, అది వదిలేసి ఈ వేసవిలో నేరుగా కాలిక్యులస్ చేస్తానంటోంది. చేయనివ్వనా?

జవాబు: బాబూ, ఎక్స్ స్క్వేర్, ఎక్స్ క్యూబ్ లాంటివాటితో మొదలుపెట్టనివ్వండి, ఆ ఉత్సాహాన్ని ఆపొద్దు. సైన్ ఎక్స్ వచ్చేసరికి మాత్రం తనే ఆగిపోతుంది, ఎందుకంటే సైన్ ఆఫ్ ఎక్స్ ప్లస్ హెచ్‌ని విడదీసే సూత్రం, రేడియన్లు రెండూ 11వ తరగతి త్రికోణమితిలో ఉన్నాయి. అప్పుడు సైంటిఫిక్ కాలిక్యులేటర్ చేతికిచ్చి, డిగ్రీల్లో పెట్టి సైన్ 0.1 ని 0.1 తో భాగించమనండి, 0.01745 వస్తుంది. రేడియన్లలోకి మార్చి మళ్లీ చేయమనండి, 0.9983 వస్తుంది. ఒకే లెక్కకి రెండు జవాబులు ఎందుకు వచ్చాయని తనే అడుగుతుంది, ఆ రోజు త్రికోణమితి పుస్తకం తెరవండి.