నడుం పట్టేసిన నాన్న పిల్లలతో ఎలా నెట్టుకొస్తున్నాడంటే

మీ ప్రశ్న చదువుతుంటే అయిదేళ్ల కిందటి నన్ను నేనే చూసుకున్నట్టుంది. మీ వయసు 34, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) అని ఈమధ్యే తేలింది, మూడేళ్ల బాబును ఎత్తుకోవచ్చో లేదో తెలీదు, ఇంట్లోవాళ్లకు బరువైపోయానేమో అన్న దిగులు. సెలవొస్తే రోజంతా మంచం దిగడం లేదని కూడా రాశారు. ముందు అది మానేయండి.

నడుం నొప్పి అనగానే మనిళ్లలో "పండుకో నాయనా, లేయొద్దు" అంటారు. మా అమ్మ మదనపల్లె నుంచి వచ్చినప్పుడల్లా ఇదే మాట. ప్రేమే, కాదనను. కానీ ఈ జబ్బు మామూలు నడుం నొప్పికి పూర్తిగా ఉల్టా. పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువొస్తుంది, లేచాక గంటసేపు నడుం కర్రలా ఉంటుంది, మధ్యాహ్నానికి మామూలు మనిషినవుతాను. నాకు నాలుగేళ్లు డిస్క్ సమస్యే అనుకుని బెల్టు కట్టి పడుకోబెట్టారు. ఎక్స్‌రే బాగానే ఉందనేవారు. ఈ జబ్బు ఎక్స్‌రేలో కనబడటానికి ఏళ్లు పట్టొచ్చని, ఎంఆర్ఐలో ముందే తెలిసే అవకాశం ఉందని, చూపించుకోవాల్సింది రుమటాలజిస్టుకని, అంటే కీళ్లవాతం డాక్టరుకని తర్వాతెప్పుడో తెలిసింది.

మందుల సంగతి మీ డాక్టరు చెప్తారు, నేను రెండు ముక్కలే చెప్తా. నొప్పి బిళ్లలు మెడికల్ షాపులో సొంతంగా కొని మింగకండి, కడుపు, కిడ్నీలు రెండూ దెబ్బతినొచ్చు. ఈ వాపును అదుపుచేసే బయాలజిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేయిస్తారు, దానికి కంగారుపడొద్దు. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే మాత్రం అది కళ్లకలకేలే అనుకోకుండా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికెళ్లండి. ఈ జబ్బుకీ కంటికీ సంబంధం ఉంది.

ఇక ఇల్లు. పిల్లల్ని పొద్దున్న తయారుచేసే పని మొదట్లో నాదే. పాప స్కూల్ వ్యాన్ 7.40కి వచ్చేది. ఒకరోజు షూ లేసు కట్టడానికి వంగి సగంలో బిగుసుకుపోయాను, కిందికి పోలేను, పైకి లేవలేను. అది "నాన్నా, వ్యానూ" అంటోంది. గట్టిగా అరిచాను. ఏడుస్తుందనుకున్నా, ఏడవలేదు. లేసు కొసలు రెండూ షూలోకి కుక్కేసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి మా ఆవిడ అన్నది ఒకటే. "నొప్పిగా ఉందని నోరు తెరిచి చెప్పు. మొహం ముడుచుకుని కూర్చుంటే మా మీద కోపమనుకుంటాం." మర్నాటి నుంచి పొద్దున పనులు తనవి, సాయంత్రం పనులు నావి. నాకు ఆ గంట వేణ్నీళ్ల స్నానానికి, ఇరవై నిమిషాల స్ట్రెచింగ్‌కి సరిపోతుంది. సాయంత్రం హోంవర్కు, నిలబడి చేసే గిన్నెలు, పిల్లల్ని బెంగళూరులో మా ఇంటి దగ్గరి కైకొండ్రహళ్లి చెరువు చుట్టూ తిప్పడం నా వంతు. నిజానికి ఆ నడక నాకే ఎక్కువ అవసరం, పిల్లలకు తెలీదు. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో గంట ఇరుక్కున్న రోజు మాత్రం ఇంటికి రాగానే కూర్చోను. (ఆ జంక్షన్‌లో ఏ జబ్బూ లేనివాళ్లకీ నడుం పడుతుందనుకోండి.)

ఊరెళ్లేటప్పుడు మునుపు ఏకబిగిన కారు నడిపి, దిగాక రెండు రోజులు మూలిగేవాణ్ణి. ఇప్పుడు గంటకోసారి ఆపుతాను, దారిలో చింతామణి ఊళ్లో టీ తప్పనిసరి. మా నాన్న ఆబ్దికానికి పీట మీద మూడు గంటలు ఎలా కూర్చోవాలని వారం ముందు నుంచే టెన్షన్ పడ్డాను. చివరికి సిగ్గు విడిచి అడిగితే అయ్యవారు, "కుర్చీ వేసుకో నాయనా, మీ నాయన ఏమీ అనుకోడులే" అన్నారు. వంటింట్లోంచి అమ్మే ఆ కుర్చీ మోసుకొచ్చింది.

బాబును ఎత్తుకోవడం గురించి అడిగారు. మా ఫిజియో నాకు వద్దనలేదు, మీరూ మీ వాళ్లనొకసారి అడగండి. నేను మా బాబును పొద్దున్నపూట ఎత్తుకునేవాణ్ణి కాదు. సాయంత్రం వాణ్ణి సోఫా ఎక్కమని, వంగే పనిలేకుండా అక్కణ్నుంచి చంకకెత్తుకునేవాణ్ణి. "నాన్నా, సోఫా" అంటే ఎత్తుకోమని అర్థం. ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్లు, నేను రమ్మన్నా రాడు.