సగం రాయి రాబోయేవాళ్లది

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. నీ పరిశోధన అనంతపురం జిల్లా వజ్రకరూరు కింబర్లైట్ల మీద, అంటే భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి తెచ్చే అగ్నిశిలల మీద, అని తెలిసి చాలా సంతోషించాను. మొదటిసారి ఫీల్డుకు వెళ్లే ముందు ఏమేం చూసుకోవాలని అడిగావు. విశ్లేషణల సంగతి మీ గైడు గారు చెబుతారు. నేను రాళ్ల గురించే రాస్తాను: ఎలా తేవాలి, ఎలా దాచాలి, అడిగినవారికి ఎలా ఇవ్వాలి. నువ్వు తెచ్చే ప్రతి రాయిలోనూ సగం నీది, సగం నీ తర్వాత వచ్చేవాళ్లది. ఇది మొదటి రోజు నుంచే మనసులో పెట్టుకో.

చంద్రశిలల సంగతి నీకు తెలిసిందే. 1969-1972 మధ్య అపోలో వ్యోమగాములు 382 కిలోల రాళ్లు, మట్టి తెచ్చారు. అన్నింటినీ అప్పుడే పరీక్షలకు వాడేయలేదు. కొన్నింటిని కావాలనే తెరవకుండా అట్టిపెట్టారు. చంద్రుడి రాళ్లలో నీటి జాడే లేదని దశాబ్దాలపాటు అందరూ నమ్మారు. 2008లో మెరుగైన పరికరాలతో ఆ మట్టిలోని గాజుపూసలను పరీక్షిస్తే నీటి ఆనవాళ్లు బయటపడ్డాయి. అపోలో 17 వాళ్లు 1972లో మూత బిగించి తెచ్చిన ఒక గొట్టాన్ని 2022లో తెరిచారు. ఇంకా పుట్టని ప్రశ్నలకు కూడా అప్పటి శాస్త్రవేత్తలు చోటు మిగిల్చారు. చంద్రశిలలను గాలి తగలకుండా దాచే నైట్రోజన్ పెట్టెలు మన రాళ్లకు అక్కర్లేదు కానీ ఆ ముందుచూపు మాత్రం కావాలి.

రాయి కంటే ముందు దాని చోటు. తొలకరి పడగానే వజ్రాల కోసం జనం పొలాల్లో వెతకడం అక్కడ నువ్వు చూస్తావు. వాళ్ల రాయి ఎక్కడి నుంచి కొట్టుకొచ్చినా ఫర్వాలేదు. నీకు అదే ముఖ్యం. నేలలో పాతుకుని ఉన్న అవుట్‌క్రాప్ నుంచి కొట్టావా, దున్నిన చేలో విడిగా దొరికిందా, బావి తవ్విన మట్టికుప్పలో ఏరావా, ఉన్నదున్నట్టు రాసుకో. జీపీఎస్ అంకెల పక్కనే అవి ఏ ప్రమాణంలో (డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కించే ఆధారం) ఉన్నాయో కూడా రాసుకో. పాత టోపోషీట్లు (సర్వే మ్యాపులు) ఎవరెస్ట్ ప్రమాణంలో ఉంటాయి, నీ జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84లో చూపిస్తుంది. రెండింటినీ కలిపేస్తే చోటు పక్కకు జరుగుతుంది. కింబర్లైట్ నేలను చీల్చుకుని నిలువుగా పైకి వచ్చిన చిన్న గొట్టాల విషయంలో ఆ మాత్రం తేడా చాలు, నీ నమూనా మ్యాపులో పక్కనున్న గ్రానైట్ మీద కూర్చుంటుంది.

నంబరు అక్కడే వేయాలి, బసకు వచ్చాక కాదు. రాయి మీద ఒకటి, సంచిలో చీటీ మీద ఒకటి, నోటుపుస్తకంలో ఒకటి. కాగితం చీటీని చెదలు తింటాయి, తేమ నాశనం చేస్తుంది. కాబట్టి అల్యూమినియం బిళ్ల మీద నంబరు గీసి అదీ సంచిలో వేయి. రాయి మీద తెల్ల పెయింటు చుక్క పెట్టి నల్ల ఇంకుతో రాయడం మంచి పాత పద్ధతే. అయితే తెల్ల పెయింటులో టైటానియం ఉంటుంది, నీ రాళ్లలో నువ్వు కొలవబోయేవాటిలో టైటానియం ఒకటి. విశ్లేషణకు రాయిని పొడి చేసే ముందు పెయింటు ఉన్న ఆ ముక్కను కోసి పక్కన పెట్టు.

కింబర్లైట్ విషయంలో ఇంకో జాగ్రత్త. దుమ్ము వదిలించడానికి వెంటనే నీళ్లలో నానబెట్టకు. బంకమన్ను ఖనిజాలు ఎక్కువున్న కింబర్లైట్ తడిసి ఆరితే పొరలుగా విచ్చుకుని నలిగిపోతుంది. డ్రిల్లింగ్ చేసి తీసిన కోర్లు (కడ్డీల్లాంటి రాతి ముక్కలు) కూడా పెట్టెల్లోనే పొడైపోయిన సందర్భాలున్నాయి. మెత్తని బ్రష్షుతో పొడిగా తుడువు. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్న రాళ్లనైతే పొడిగాలి తగిలే అరలో, మిగతావాటికి దూరంగా ఉంచు. తేమ తగిలితే పైరైట్ ఆక్సీకరణ చెంది గంధకామ్లం పుడుతుంది. అది రాయినే కాదు, చీటీని, అట్టపెట్టెను కూడా తినేస్తుంది.

పొడి చేసే దగ్గర చాలామంది తొందరపడతారు. ముందు రాయిని కోసి సగం పక్కన పెట్టు. ఆ సగం నీ సిద్ధాంత గ్రంథానికి అవసరమనిపించినా ముట్టుకోవద్దు. మిగతా సగంలోంచి ఒక పలక థిన్ సెక్షన్‌కు (సూక్ష్మదర్శినిలో చూసే పలుచని రాతి పొరకు), మిగిలింది పొడికి. థిన్ సెక్షన్ మందం 0.03 మిల్లీమీటర్లే కాబట్టి దానికి పోయే రాయి అతి కొద్ది. పొడి చేసే ముందు కింబర్లైట్ పైకి వస్తూ పెకలించుకొచ్చిన గ్రానైట్ ముక్కలను ఓపికగా ఏరేయి, లేకపోతే నువ్వు కొలిచేది రెండు రాళ్ల కలగూరగంప. ఉక్కు పాత్రలో నూరితే ఇనుము, క్రోమియం, నికెల్ చేరతాయి. టంగ్‌స్టన్ కార్బైడ్‌లో నూరితే టంగ్‌స్టన్, కోబాల్ట్, కొన్నిసార్లు టాంటలం. ఇవే నీ కింబర్లైట్ల కథ చెప్పే మూలకాలు! అకీక్ (అగేట్) రాతి పాత్ర దొరికితే అందులోనే నూరు. దేనిలో నూరావో పొడి సీసా మీద రాసిపెట్టు. చేతి ఉంగరాలు తీసేసి, మంచి మాస్కు పెట్టుకుని మాత్రమే ఆ గదిలోకి వెళ్లు. సిలికా దుమ్ము ఊపిరితిత్తులను వదలదు.

ఇప్పుడు ఇవ్వడం గురించి. పేపరు అచ్చయ్యాక ఎవరైనా నమూనా అడిగితే ఇవ్వు. అచ్చయ్యే దాకా ఆగమని చెప్పడం తప్పు కాదు, కానీ ఆ తర్వాత కూడా తాళం వేసి కూర్చోవడం నాకు నచ్చదు. నీ అంకెలు సరైనవో కావో ఇతరులు చూడగలిగితేనే అది శాస్త్రం. ఇచ్చేటప్పుడు రిజిస్టరులో తేదీ, బరువు, ఎవరికి, ఏ పరీక్షకు, మిగిలింది తిరిగి వస్తుందా అన్నవి రాసి సంతకం తీసుకో. చివరి ముక్క మాత్రం ఎంత పెద్దవారు అడిగినా ఇవ్వకు. వాళ్లనే నీ ప్రయోగశాలకు రమ్మను. ప్రతి నమూనాకూ ఐజీఎస్‌ఎన్ (నమూనాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) నంబరు తీసుకో. ప్రపంచంలో ఆ నంబరు మరో నమూనాకు ఉండదు. పొడికీ థిన్ సెక్షన్‌కూ విడి నంబర్లు తీసుకుని తల్లిరాయి నంబరుతో ముడిపెట్టవచ్చు. పేపర్లో ఆ నంబర్లే వేయి. అప్పుడు ఒకే రాయి మీద వేర్వేరు దేశాల్లో చేసిన పనిని ఒకచోట చూడగలుగుతారు.

సుత్తి వేయకూడని చోట్లున్నాయి. తిరుమల శిలాతోరణం, విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు ఫొటోలకే. అడవిలో అటవీశాఖ అనుమతి, చేలో రైతు అనుమతి తీసుకో.

చివరగా, నువ్వు అక్కడి నుంచి వెళ్లిపోయే రోజు గురించి ఇప్పుడే ఆలోచించు. నాకు తెలిసిన ఒక విద్యాసంస్థలో ఓ ఆచార్యుడు జీవితమంతా పోగుచేసిన రాళ్లను, ఆయన రిటైరయ్యాక గది ఖాళీ చేస్తూ, కొత్త భవనం పునాదిలో పోశారు. ఎవరి మీదా కోపం పెట్టుకుని లాభం లేదు. జాబితా లేదు, పెట్టెల మీద రాత లేదు, పనివాళ్లకు అది కంకరగానే కనిపించింది. నాకు ఈనాటికీ ఆ బాధ తీరలేదు. అందుకే ఏటా జాబితా సరిచూసి ఒక ప్రతి మీ విభాగాధిపతికి, ఒకటి గ్రంథాలయానికి ఇవ్వు. ఏ పెట్టె ఏ అరలో ఉందో అందులో రాసిపెట్టు. ఫీల్డు నోటుపుస్తకం ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టు. మొదటి విడత రాళ్లు వచ్చాక ఆ జాబితా నాకూ పంపు, ఏ వివరం వదిలేశావో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య