కేజీఎఫ్ గనులు ఎందుకు మూతపడ్డాయి? బంగారం నిజంగానే అయిపోయిందా?

బంగారం అయిపోయే కేజీఎఫ్, అంటే కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ మూసేశారా, ఇప్పుడు ధర ఇంత పెరిగింది కదా, మళ్ళీ తెరిస్తే ఊరు బాగుపడదా అని అడిగారు. మా తాత, మా నాయన ఇద్దరూ ఛాంపియన్ రీఫ్ గనిలో దిగినవాళ్ళే. మా అసలు ఊరు కుప్పం పక్కన ఒక పల్లె. వానల్లేక చేలు బీడుపడిన ఏడు తాత ఇక్కడికి వచ్చి పనిలో చేరాడు. నేను పుట్టి పెరిగింది గని లైన్ ఇంట్లో, అంటే కార్మికులకు వరసగా కట్టిన ఇళ్ళలో ఒకదాంట్లో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. నాకు తెలిసినంతవరకు చెప్తాను.

బంగారం అయిపోలేదండి. అది దిగిపోయిన లోతుకు మనిషిని పంపి, రాయిని పైకి తెచ్చే ఖర్చు దాని ధరను మించిపోయింది. కానీ ఆ లోతు ఎలాంటిదో చెప్పకుండా ఇంతటితో ఆపితే జవాబు సగమే అవుతుంది.

ఇక్కడి బంగారం నల్లరాతి మధ్య పలుగురాయి పొరల్లో ఉంటుంది. సన్నటి పొర, ఏటవాలుగా కిందికి పోతూనే ఉంటుంది. ఊరివాళ్ళు పైపైన తవ్వుకుంటున్న గుంతల సంగతి 1802లోనే జాన్ వారెన్ అనే సైనికాధికారి చూసి రాసిపెట్టాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి, ఆ పాత గుంతల కింద ఇంకా లోతుకు తవ్వాకే అసలు పొర దొరికింది. తొలి రోజుల్లో టన్ను రాయికి 40 గ్రాములు దాటి బంగారం పడేది. 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధిదీపాలకు ఆ కరెంటు అందింది మరో మూడేళ్ళకు. 30 వేల మంది దాకా పనిచేసిన కాలం ఉంది. మొత్తం 120 ఏళ్ళలో 800 టన్నులకు పైగా బంగారం ఈ నేల నుంచి బయటికి వచ్చింది.

పొర వెంట దిగుతూ దిగుతూ ఛాంపియన్ రీఫ్ 3 కిలోమీటర్లు దాటింది. ప్రపంచంలోనే బాగా లోతైన గనుల్లో ఒకటి అది. అంత లోతులో రాయే 60 డిగ్రీలకు మించి కాగి ఉంటుంది. పైనుంచి చల్లగాలి పంపకపోతే మనిషి నిలబడలేడు. ఊరే నీళ్ళను రాత్రింబగళ్ళు తోడిపోస్తూ ఉండాలి. నాయన ఒక కేజ్‌లో, అంటే గనిలోకి దించే లిఫ్టులో దిగి, సొరంగంలో నడిచి, ఇంకో కేజ్ ఎక్కి, మళ్ళీ నడిస్తే గాని పనిచేసే చోటికి చేరేవాడు కాదు. డ్యూటీలో గంట పైన ఈ ప్రయాణానికే పోయేదని చెప్పేవాడు. ఇంటికొచ్చి గడప దగ్గర కూర్చుని బూట్లు విప్పి వంచితే చెమట నీళ్ళలా కారేది. అలా తెచ్చిన టన్ను రాతిలో చివరి రోజుల్లో పడింది 3, 4 గ్రాములు.

అన్నిటికన్నా భయం ఏర్ బ్లాస్ట్. గాలికీ దానికీ సంబంధం లేదు, మా ఊళ్ళో మాత్రం అందరూ ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. అంత లోతున పైనున్న బరువుకు రాయి ఒత్తిడి తట్టుకోలేక ఒక్కసారిగా పగిలి సొరంగంలోకి చిమ్ముతుంది. ఆ అదురు పైన ఇళ్ళదాకా వస్తుంది. మా అవ్వ అలమరలో ఇత్తడి చెంబులు వరసగా పేర్చి, అంచున చెక్కపట్టీ ఒకటి కొట్టించి పెట్టుకుంది, అదురుకు పడకుండా. రాత్రిళ్ళు ఆ చెంబులు ఒకదానికొకటి తగిలి టకటకమంటే చాలు, లైన్లో ప్రతి ఇంటి తలుపూ తెరుచుకునేది. ఆడవాళ్ళు అందరూ వీధిలోకి వచ్చి నిలబడేవాళ్ళు. ఎవరి ఇంట్లో మగమనిషి నైట్ షిఫ్ట్‌లో ఉన్నాడో అందరికీ తెలుసు. ఎవరూ ఆ ఇంటివైపు చూసేవాళ్ళు కాదు. అవ్వ మాత్రం పోయి ఆ ఇంటి ఆవిడ పక్కన నిలబడేది, ఏమీ మాట్లాడకుండా. షిఫ్ట్ వదిలి మనిషి వీధి మలుపులో కనపడేదాకా అంతే. ఇప్పటికీ నాకు స్టీలు గిన్నెల చప్పుడు వినబడితే ఒక్క క్షణం చేతిలో పని ఆగిపోతుంది.

ఇక లెక్కల సంగతి. 1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని తీసుకుంది, 1962లో కేంద్రం చేతికి వెళ్ళాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. చాలా ఏళ్ళపాటు ఇక్కడి బంగారం బజారు ధరకు కాక అధికారిక ధరకే ప్రభుత్వానికి వెళ్ళింది. యూనియన్ మీటింగుల్లో పెద్దలు ఎప్పుడూ ఈ మాట ఎత్తేవాళ్ళు, నష్టం మేం తెచ్చింది కాదని. ఆ బాధలో న్యాయం ఉందనే నా నమ్మకం. అయితే ఒక్క ధరే కారణం అంటే అదీ పూర్తి నిజం కాదు. లోతు పెరిగింది, రాతిలో బంగారం తగ్గింది, యంత్రాలు పాతబడ్డాయి. 2001లో తులం ధర ఇప్పటితో పోలిస్తే ఎంత తక్కువో మీకే తెలుసు. ఆ ఏడు ఫిబ్రవరి 28తో మూసేశారు. అప్పటికి మిగిలింది నాలుగు వేల లోపు కార్మికులు. మా కుప్పం వైపు గుడుపల్లె మండలంలో చిగరగుంట గని, అప్పటి అనంతపురం జిల్లా రామగిరి గని కూడా 2001లోనే ఆగిపోయాయి. చిగరగుంటలో పనిచేసిన మా మేనమామ ఆ తర్వాత మళ్ళీ సేద్యంలోకే పోయాడు. కర్ణాటకలోనే రాయచూరు జిల్లా హట్టి గని మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

మాకు గని మూతపడటమంటే ఉద్యోగం ఒక్కటే పోవడం కాదు. ఇల్లు, నీళ్ళు, ఆస్పత్రి, బడి, కరెంటు, టైము చెప్పే సైరన్, అన్నీ గనివే. సైరన్ ఆగిన మొదటి వారం అవ్వ పొద్దున అన్నం ఎప్పుడు వండాలో తెలియక నాలుగింటికే లేచి కూర్చునేది. పంపులు ఆపేశాక వెయ్యి కిలోమీటర్లకు పైబడిన సొరంగాల్లో నీళ్ళు నిండిపోయాయి. తర్వాత ఊరిని నిలబెట్టింది రైలు. మా ఊరి చివరి స్టేషన్ మారికుప్పం నుంచి తెల్లవారకముందే బయల్దేరే బండ్లలో వేలమంది బెంగళూరుకు పోయి రాత్రికి తిరిగొస్తారు. మా తమ్ముడు ఇరవై ఏళ్ళుగా అలాగే పోయివస్తున్నాడు. వాడి కూతురు ఆదివారం తప్ప నాన్నను మెలకువగా చూడకుండానే పెరిగింది.

మళ్ళీ తెరవడం గురించి. ఆ లోతుకు మళ్ళీ మనుషులు దిగుతారని నేను అనుకోను. నీళ్ళు నిండిన పాత సొరంగాల్ని తోడి, బలపరచి, మూడు కిలోమీటర్లు దిగడం మామూలు ఖర్చు కాదు. ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నది సైనైడ్ దిబ్బల గురించి. రాయిని పిండిచేసి, సైనైడ్ నీళ్ళతో బంగారం తీసుకున్నాక మిగిలిన బూడిదరంగు మట్టి అది. 3 కోట్ల టన్నులకు పైగా ఊరి చుట్టూ కొండల్లా పడి ఉంది. అందులో టన్నుకు గ్రాము కన్నా తక్కువే ఉన్నా ఇప్పటి ధరకు గిట్టుబాటు అవుతుందని లెక్క. 13 దిబ్బల మీద పనికి కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది కూడా.

ఆ దిబ్బల కింద పెరిగినవాణ్ణి. మాఘం దాటి ఎండ ముదిరి గాలి లేచిందంటే ఆ దుమ్ము తెల్లగా వచ్చి ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ళ బిందె మీద, వడ్డించిన అన్నం మీద పడేది. అమ్మ కిటికీ సందుల్లో తడి చీర ముక్కలు కుక్కి, అప్పుడు పళ్ళేలు పెట్టేది. తాత చివరి ఆరేళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. ఒక ఆస్పత్రిలో టీబీ అని రెండేళ్ళు మందులిచ్చారు. తర్వాత ఇంకో డాక్టరు చూసి, ఇది రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్న జబ్బు, సిలికోసిస్ అన్నాడు.

అందుకే దిబ్బల్ని కదిలించే పని వస్తే నేను వద్దనను, పనులు కావాలి మాకు. కానీ మీలో ఎవరైనా ఇంజనీర్లో, పత్రికలవాళ్ళో ఉంటే ఎన్ని టన్నుల బంగారం వస్తుందన్న లెక్కతో పాటు ఇవి కూడా అడగండి: తవ్వేటప్పుడు దుమ్ము లేవకుండా ఎన్ని నీళ్ళు చల్లుతారు, ఈ కరువు నేలలో ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారు, రెండోసారి బంగారం తీశాక మిగిలే మట్టి ఎక్కడ పోస్తారు, పనిలోకి తీసుకునేది రైలెక్కి పోతున్న మా పిల్లల్నేనా?

ఊరు చూడాలనుకుంటే బంగారుపేటలో మారికుప్పం రైలెక్కి ఛాంపియన్‌లో దిగండి. గనుల్లోకి పోనివ్వరు. దిబ్బలు మాత్రం రైల్లోంచే కనపడతాయి. గాలి రోజుల్లో వస్తే మూతికి గుడ్డ కట్టుకోండి.