రాత్రి కోడింగ్, పొద్దున పరుగు.. ఏది మానాలి?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ఆఫీసులో చేసేది అకౌంట్స్ పనే అయినా ప్రోగ్రామింగ్ అంటే సరదా. పిల్లలు పడుకున్నాక ఒంటిగంట దాకా సొంతంగా ఒక గేమ్ తయారు చేసుకుంటుంటాను. బరువు తగ్గాలని వారం కిందట రోజూ పొద్దున ఐదున్నరకే లేచి పరుగు మొదలుపెట్టాను. మూణ్ణాలుగు రోజులకే రెండు కాళ్లకూ మోకాలి కింద, ఎముక లోపలి పక్కన నొప్పి వచ్చింది. రాత్రుళ్లు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. పగలంతా చిరాకు, ఊరికే పిల్లల మీద అరుస్తున్నాను. పరుగు ఆపేయాలా, ప్రోగ్రామింగ్ మానేయాలా?

జవాబు: రెండూ మానక్కర్లేదండీ, కానీ మీ నిద్ర లెక్క ఒకసారి చూసుకోండి. ఒంటిగంటకు కంప్యూటర్ ఆపేసినా దొరకని బగ్, అదే ప్రోగ్రామ్‌లోని తప్పు, తలలో తిరుగుతూనే ఉంటుంది, ఏ ఒకటిన్నరకో కన్ను మూతపడితే ఐదున్నరకు అలారం. అంటే నాలుగు గంటలు. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. ఈ చిరాకంతా చాలావరకు అక్కడిదే. పైగా నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, మనసు తీపి మీదికి పోతుంది, కాబట్టి బరువు తగ్గాలని నిద్ర మానుకుని పరిగెత్తడంలో పెద్దగా లాభం లేదు.

కాలి నొప్పి మీరు చెప్పినదాన్ని బట్టి షిన్ స్ప్లింట్స్‌లా ఉంది, అంటే అలవాటు లేని ఒత్తిడి వల్ల మోకాలి కింది ఎముక లోపలి అంచు వెంబడి వచ్చే నొప్పి. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చున్న మనిషి ఉన్నట్టుండి రోజూ పరిగెత్తితే గుండె, కండరాలు త్వరగానే అలవాటు పడతాయి గానీ ఎముకకు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది, అందుకే ఆయాసం పెద్దగా లేకపోయినా కాళ్లు మొరాయిస్తాయి. ఎముక లోపలి అంచు వెంబడి వేలితో నొక్కుతూ కిందికి రండి. జానెడు మేర అంతటా నొప్పిగా ఉంటే షిన్ స్ప్లింట్సే అయ్యుండొచ్చు. అలా కాకుండా ఒక్కచోటే, ఇదిగో ఇక్కడ అని చూపించగలిగేలా కలుక్కుమంటున్నా, పడుకున్నప్పుడు కూడా నొప్పి వదలకపోయినా ఎముకలో సన్నని చీలిక ఉందేమో చూడాలి, ఎముకల డాక్టర్‌ను కలవండి. ఇలాంటి చీలిక మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగానే ఉంది కదా అని మళ్లీ పరుగందుకోకండి.

ఇప్పటికి రెండు మూడు వారాలు పరుగు ఆపి, నొప్పి రానంత మేర నడవండి, సైకిల్ తొక్కండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు అని ఉందే తప్ప తెల్లారకముందే లేవాలని లేదు. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగంతో నడిస్తే అది మధ్యస్థ వ్యాయామమే. సాయంత్రం పిల్లలతో పరుగులు పెట్టకుండా ఆడే బంతాట కూడా, కాస్త ఆయాసం వస్తే, ఇందులోకే వస్తుంది. చాలామంది తండ్రులు పిల్లల టైమ్ వేరు, ఫిట్‌నెస్ టైమ్ వేరు అని గీత గీసుకుని రెండిటికీ చాలక టెన్షన్ పడుతుంటారు, నాకైతే అది అనవసరం అనిపిస్తుంది. వేగంగా నడిచినా, ఒంటికాలిపై గెంతినా నొప్పి లేదనిపించాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున, అదీ రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా అక్కడే ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కోడింగ్ సంగతి ఇంట్లో మాట్లాడుకుని, వారంలో రెండు రాత్రులు పదిన్నర వరకు, సెలవు రోజున పగలు ఒక పూట అని పెట్టుకోండి. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు, తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

ఇక తిమ్మిర్లు ఏ వేళ్లకో మీరు రాయలేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని అనుమానించాలి. చిటికెన వేలి వైపైతే మోచేతిని బల్ల అంచుకు ఆనించి టైప్ చేస్తున్నారేమో గమనించండి. మణికట్టు వంగకుండా ఉంచే స్ప్లింట్ మందుల షాపులో దొరుకుతుంది, రాత్రిపూట కట్టుకుని పడుకోండి. షుగర్, థైరాయిడ్ ఉన్నా ఇలాగే తిమ్మిర్లు రావొచ్చు కాబట్టి ఆ రెండు రక్తపరీక్షలు చేయించండి. నెలకీ తగ్గకపోయినా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా న్యూరాలజిస్టును కలవండి.