ఆట ఆపని ఆ ఆరు నిమిషాలు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో ఉంటారు. ఒకరోజు మనకు తెల్లవారుజామున, వాళ్లకు రాత్రి ఏడు దాటిన వేళ అమ్మాయి ఫోన్ చేసింది. టోర్నడో హెచ్చరిక వచ్చిందని, బాత్‌రూమ్‌లో తలదాచుకున్నామని చెప్పి, అక్కడి స్థానిక టీవీ ప్రసారం లింకు పంపింది. గంటకు పైగా చూశాను. ఒక్క ప్రకటన లేదు, వేరే వార్త లేదు. ఒకాయన మ్యాపు ముందు నిలబడి ఊళ్ల పేర్లు, రోడ్ల పేర్లు చెబుతూనే ఉన్నారు. ఆయన ప్రభుత్వ ఉద్యోగా? అంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నారు?
(ఒక పాఠకురాలు, తెనాలి)

సమాధానం: ఆయన ప్రభుత్వ ఉద్యోగి కారు, ఆ స్టేషన్ జీతమిచ్చి పెట్టుకున్న వాతావరణ నిపుణుడు. టోర్నడో హెచ్చరికను అధికారికంగా జారీ చేసేది మాత్రం నేషనల్ వెదర్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థే. దానికి దేశమంతటా 122 ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. మీ అమ్మాయి వాళ్లుండే ప్రాంతం ఫోర్ట్‌వర్త్ కార్యాలయం కిందికి వస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన హెచ్చరికను ఇంట్లో కూర్చున్న మనిషి లేచి కదిలేలా చెప్పడం టీవీ స్టేషన్ పని.

మన దగ్గర ఒక వార్తా చానెల్ మొత్తం రాష్ట్రానికి, తరచూ రెండు రాష్ట్రాలకూ ఒకటే. అమెరికాలో అలా కాదు. ఎన్‌బీసీ, సీబీఎస్, ఏబీసీ, ఫాక్స్ వంటి జాతీయ నెట్‌వర్కుల కార్యక్రమాలను ఒక్కో నగరంలో ఒక్కో స్థానిక స్టేషన్ ప్రసారం చేస్తుంది. దేశాన్ని అలా 210 టీవీ మార్కెట్లుగా విభజించుకున్నారు. తన మార్కెట్‌లోని పాతిక ముప్పై కౌంటీలే (మన జిల్లాల వంటివి) ఆ స్టేషన్‌కు లోకం కాబట్టి, అక్కడి నిపుణుడికి ప్రతి కూడలీ తెలిసి ఉంటుంది.

పని హెచ్చరికతో మొదలు కాదు. ఓక్లహోమా రాష్ట్రం నార్మన్‌లోని గాలివానల అంచనా కేంద్రం (స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్), టోర్నడోలు పుట్టడానికి పరిస్థితులు అనువుగా ఉన్నాయని కొన్ని గంటల ముందే 'వాచ్' ప్రకటిస్తుంది. స్టేషన్‌లో సెలవులో ఉన్నవారిని పిలిపించుకోవడం, మేఘాలను వెంటాడే బృందాలను రోడ్ల మీదికి పంపడం అప్పటి నుంచే సాగుతాయి. ఆ తర్వాత ఒక ప్రత్యేకమైన మేఘంలో సుడి తిరుగుతున్నట్టు రాడార్‌లో కనిపిస్తే, లేదా ఎవరైనా కళ్లారా చూస్తే, అప్పుడు వచ్చేది 'వార్నింగ్'. 2007 అక్టోబరుకు ముందు దీన్ని కౌంటీ మొత్తానికి ఇచ్చేవారు. అందువల్ల టోర్నడో కౌంటీ ఉత్తరపు అంచున ఉంటే దక్షిణపు అంచున ఉన్నవాళ్లు కూడా దాక్కోవలసి వచ్చేది. ఇప్పుడు మేఘం కదిలే దిశను బట్టి కొన్ని మూలలున్న ఒక హద్దు గీస్తారు. మీరు తెర మీద చూసిన గడి అదే. అందులో ఉన్నవారు వెంటనే తలదాచుకోవాలి, లేనివారు కనిపెట్టి ఉండాలి.

ఇక కచ్చితత్వం సంగతి. డాప్లర్ రాడార్ చిత్రంలో రాడార్ వైపు వచ్చే గాలి పచ్చగానూ, దాని నుంచి దూరంగా పోయే గాలి ఎర్రగానూ కనిపిస్తాయి. ఈ రెండు రంగులూ ఒకదాన్నొకటి ఒరుసుకున్న చోట గాలి సుడి తిరుగుతోందని అర్థం. అయితే ఆ సుడి నేలను తాకిందో లేదో ఆ చిత్రం ఒక్కటే చెప్పలేదు. 2013 నాటికి దేశంలోని వాతావరణ రాడార్లన్నీ తరంగాలను అడ్డంగా, నిలువుగా రెండు విధాలా పంపేలా మారాయి. వాన చినుకులన్నీ దాదాపు ఒకే పోలికలో ఉంటాయి. ఇంటి కప్పు రేకులు, చెట్ల కొమ్మలు, చెక్క ముక్కలు గాలిలోకి లేచినప్పుడు వాటి ఆకారాల్లో పోలికే ఉండదు. రాడార్ ఆ తేడాను పట్టి సుడి ఉన్న చోటనే ఒక మచ్చగా చూపిస్తుంది. అది కనిపించిన క్షణాన నిపుణుడి మాట తీరు మారిపోతుంది. అంతవరకు 'ఏర్పడవచ్చు' అంటున్నవారు 'నేల మీద ఉంది, ఇళ్లను కొడుతోంది' అంటారు. చీకట్లో, వాన తెర వెనుక కంటికి కనిపించని టోర్నడోను గుర్తించడానికి ఇంతకు మించిన ఆధారం దొరకడం కష్టం.

మీకు కనిపించింది ఒక్కరే అయినా, ఆయన వెనుక ఇంకొకరు రాడార్ చిత్రాలను తిప్పుతుంటారు, మరొకరు తెర కింది అక్షరాలు రాస్తుంటారు, వేరొకరు వెదర్ సర్వీస్ వారితో నడిచే ఆన్‌లైన్ సంభాషణను చూస్తూ అందులో వచ్చిన సమాచారాన్ని అందిస్తుంటారు. సమాచారం రెండు వైపులా పోతుంది. స్టేషన్ బృందం రోడ్డు మీద చూసినది ప్రభుత్వ నిపుణులకు చేరి తర్వాతి హెచ్చరికను పదును పెడుతుంది.

ఇదంతా ఒక్క రోజులో ఏర్పడిన పద్ధతి కాదని కూడా చెప్పాలి. జనం బెదిరిపోతారన్న భయంతో అమెరికా వాతావరణ శాఖ దశాబ్దాల పాటు టోర్నడో అన్న మాటనే అంచనాల్లో వాడనివ్వలేదు. 1948 మార్చి 25న ఓక్లహోమా సిటీ దగ్గరి టింకర్ వైమానిక స్థావరంలో ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు సైనికాధికారులు మొదటిసారి సరైన అంచనా ఇచ్చారు. 1952లో అదే నగరంలో హ్యారీ వోల్క్‌మన్ అనే వాతావరణ నిపుణుడు టీవీలో టోర్నడో హెచ్చరిక చదివారు. 1966 జూన్ 8న కాన్సాస్ రాష్ట్రం టొపీకా నగరం మీదికి టోర్నడో వచ్చిపడినప్పుడు బిల్ కర్టిస్ అనే యువకుడు కెమెరా ముందు, దేవుడి పేరు చెప్పి, తక్షణం తలదాచుకొమ్మని ప్రజలను ప్రాధేయపడ్డారు. నేటి ప్రసారాల్లో వినిపించే తీవ్రతకు మూలం అక్కడ ఉంది.

ప్రశ్న: నేను జర్నలిజం విద్యార్థిని. లక్షల మంది చూస్తున్న ఆటనో, కార్యక్రమాన్నో ఆపి వాతావరణం చూపించాలని ఎవరు నిర్ణయిస్తారు? ప్రమాదం ఒక మూలన ఉంటే మిగతా అందరినీ ఇబ్బంది పెట్టడం న్యాయమేనా?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

సమాధానం: చాలా స్టేషన్లలో దీనికి ముందే ఒక నియమం ఉంటుంది. ఉరుములు, వడగళ్లతో కూడిన గాలివానకైతే తెర మూలన చిన్న మ్యాపు, కింద నడిచే అక్షరాలు సరిపోతాయి. మార్కెట్‌లో ఎక్కడ టోర్నడో హెచ్చరిక వచ్చినా కార్యక్రమం ఆగుతుంది. నియమం ఉండటం వేరు, ఆ క్షణాన దాన్ని పాటించడం వేరు. 2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి, డాలస్ కౌబాయ్స్ జట్టు ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. ఆ ఊరిలో దానికి మించిన ప్రసారం లేదు. హెచ్చరిక వెలువడిన తర్వాత కూడా ఎన్‌బీసీ 5 స్టేషన్ సుమారు ఆరు నిమిషాల పాటు ఆటను ఆపలేదు. ఈఎఫ్3 స్థాయి (నష్టాన్ని బట్టి సున్నా నుంచి ఐదు దాకా ఉండే తీవ్రతా కొలతలో మూడు) టోర్నడో ఉత్తర డాలస్ ఇళ్ల మధ్యగా రిచర్డ్‌సన్ వరకు సాగింది. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టం. ఆ స్టేషన్ తాను పొరపాటు చేశానని ప్రజలకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. టోర్నడోకు ముందస్తు గడువు సగటున పది నిమిషాల అటూ ఇటూ మాత్రమే దొరుకుతుందన్నది గుర్తుంటే, ఆరు నిమిషాలంటే ఎంతో తెలుస్తుంది.

వెంటనే ఆపిన వారికి తిట్లు తప్పవు. అదే ఏడాది ఏప్రిల్‌లో అట్లాంటాలో మాస్టర్స్ గోల్ఫ్ ప్రసారాన్ని ఆపినందుకు ఒక మహిళా నిపుణురాలికి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. మే 27 రాత్రి ఒహాయో రాష్ట్రం డేటన్‌లో, ఒక రియాలిటీ షో ఆగిందని ప్రేక్షకులు సోషల్ మీడియాలో విరుచుకుపడితే, అక్కడి నిపుణుడు ప్రసారంలోనే వారిని మందలించి, షోకు తిరిగి వెళ్లేది లేదని చెప్పారు. ఆ రాత్రే ఈఎఫ్4 స్థాయి టోర్నడో డేటన్ ప్రాంతాన్ని చీల్చుకుంటూ పోయింది.

మీరడిగిన న్యాయం ప్రశ్నకు నా సమాధానం సూటిగానే ఉంటుంది. ఆగిపోయిన ఆటను మళ్లీ చూపించవచ్చు. ప్రమాదంలో ఉన్నది ఒక చిన్న పల్లె అయినా, ఆ పల్లెవాసులకు ఆ గడియలో వేరే స్టేషన్ లేదు. టోర్నడో హెచ్చరికల్లో దాదాపు 70 శాతం వరకు టోర్నడో రాకుండానే ముగుస్తాయన్నది నిజమే, ప్రజలకు విసుగు పుట్టడానికి అదొక కారణం. అందుకే మంచి నిపుణుడు ఎవరికి ప్రమాదం లేదో కూడా అంతే స్పష్టంగా చెబుతారు. అందరినీ భయపెట్టి తెర ముందు కూర్చోబెట్టుకునే ప్రసారం మరుసటి సారి నమ్మకాన్ని పోగొట్టుకుంటుంది.

టవర్ కెమెరాలో టోర్నడోను ప్రత్యక్షంగా చూపడం వట్టి ఆకర్షణ కోసమేనని కొందరు విమర్శకులు అంటారు. నేను ఒప్పుకోను. 2011 మే 22న మిస్సోరి రాష్ట్రం జోప్లిన్‌లో టోర్నడోకు 150 మందికి పైగా మరణించిన తర్వాత జరిగిన ప్రభుత్వ పరిశీలనలో, సైరన్ విన్నవారిలో ఎక్కువ మంది వెంటనే కదలలేదని, ఇంకొక ఆధారం దొరికేదాకా ఆగారని తేలింది. తమకు తెలిసిన వీధుల వెనుక నల్లటి గరాటు కదలడం కళ్లారా కనబడితే ఆ ఇంకొక ఆధారం దొరికినట్టే. ఆ దృశ్యం తెరంతా ఆక్రమించి మ్యాపును, ఊళ్ల పేర్లను తోసేసినప్పుడే దాని వల్ల చెరుపు.

ప్రశ్న: ఇప్పుడు హెచ్చరిక ప్రతి ఫోన్‌కీ నేరుగా వస్తోంది కదా. ఇంకా టీవీ స్టేషన్‌లో వాతావరణ నిపుణుడి అవసరం ఏముంది?
(ఒక పాఠకుడు, వరంగల్)

సమాధానం: 2012 నుంచి అమెరికాలో ఫోన్లకు అత్యవసర హెచ్చరికలు వస్తున్నాయి, అవి ఎన్నో ప్రాణాలకు కాపు. అయితే ఫోన్ మీరు ప్రమాదంలో ఉన్నారని చెబుతుంది. టోర్నడో ఇప్పుడు ఏ వంతెన దాటింది, మీ వీధికి ఇంకెంత దూరం, గండం గడిచిందా లేదా అన్నవి చెప్పదు. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హమ్‌లో జేమ్స్ స్పాన్ అనే నిపుణుడు కోటు విప్పి చొక్కా మీద నిలబడితే పరిస్థితి తీవ్రంగా ఉందని ఆ రాష్ట్రమంతా గుర్తిస్తుంది. 2021 మార్చి 25న ప్రసారం మధ్యలోనే తన ఇంటికి టోర్నడో తగిలిందని ఆయనకు తెలిసింది. కొద్దిసేపు తెర మీద నుంచి వెళ్లి, భార్య క్షేమంగా ఉన్నారని తెలుసుకుని, తిరిగి వచ్చి మిగతా ఊళ్ల వారికి దారి చెప్పడం కొనసాగించారు.

2025 జనవరిలో అలెన్ మీడియా సంస్థ ఖర్చు తగ్గించుకోవడానికి తన స్టేషన్లలోని నిపుణులను తొలగించి, అట్లాంటా నుంచి అందరికీ ఒకే చోట వాతావరణం తయారుచేయించాలని చూసింది. ప్రేక్షకులు తిరగబడ్డారు, కొద్ది రోజులకే సంస్థ వెనక్కి తగ్గింది. వందల మైళ్ల దూరాన కూర్చున్నవారికి రాడార్ చదవడం వస్తుంది గాని, ఏ ఊరి పేరును స్థానికులు ఎలా పలుకుతారో, పాత మిల్లు దగ్గరి మలుపు అంటే ఎక్కడో తెలియదు. అపాయంలో ఉన్న మనిషి ముందుగా వెతికేది ఆ గుర్తులనే.

ప్రశ్న: మేము ఫ్రిస్కోలో ఉంటాం. ఇంట్లో కేబుల్ లేదు, అన్నీ ఓటీటీలే. వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నారు, పగలు ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు. టోర్నడో వస్తే కారులో దూరంగా వెళ్లిపోవడం మేలని స్నేహితులు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
(ఒక పాఠకురాలు, టెక్సస్)

సమాధానం: కారు సలహాను దయచేసి పక్కన పెట్టండి. 2013 మే 31 సాయంత్రం ఓక్లహోమాలో ఎల్ రీనో టోర్నడో వచ్చినప్పుడు, ఒక స్టేషన్ నిపుణుడు ప్రసారంలో, నేలమాళిగ లేనివారు కారెక్కి దక్షిణానికి వెళ్లమన్నారు. పదకొండు రోజుల క్రితమే మూర్ పట్టణంలో 24 మంది చనిపోవడం చూసిన జనం వేలాదిగా రోడ్లెక్కారు, హైవేలు స్తంభించిపోయాయి. ఆ టోర్నడో వెడల్పు 4 కిలోమీటర్లు దాటింది. అది బలిగొన్న ఎనిమిది మందీ వాహనాల్లో ఉన్నవారే, వారిలో అనుభవజ్ఞులైన పరిశోధకులు కూడా ఉన్నారు. అది ఓక్లహోమా సిటీ నడిబొడ్డు దాకా వచ్చి ఉంటే ఆగిన కార్ల వరుసల్లో ఏం జరిగేదో ఊహించలేం.

మీ ప్రాంతపు ఇళ్లలో నేలమాళిగలు అరుదు కాబట్టి, కింది అంతస్తులో కిటికీ లేని లోపలి గదిని, బట్టల అలమర గదినో బాత్‌రూమ్‌నో, ముందే ఎంచి పెద్దవాళ్లకు చూపించండి. టీవీకి ఒక చిన్న యాంటెన్నా పెడితే స్థానిక స్టేషన్లు ఉచితంగా వస్తాయి. వాటి యాప్‌లలో కూడా ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది, కాకపోతే ఇంటర్నెట్ ప్రసారం కొంత ఆలస్యంగా వస్తుంది. కరెంటు పోతే టీవీ, ఇంటి వైఫై రెండూ ఉండవు. 2011 ఏప్రిల్ 27న అలబామాలో పొద్దుటి గాలివానకే లక్షల ఇళ్లకు కరెంటు పోయి, మధ్యాహ్నపు పెద్ద టోర్నడోల హెచ్చరికలు చాలామందికి టీవీలో చేరలేదు. అందువల్ల వెదర్ సర్వీస్ హెచ్చరికలను వినిపించే, బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి కొనండి, అది నిద్రలో ఉన్నవారిని కూడా లేపుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, టీవీలో కౌంటీల పేర్లు చదువుతారు. మీ ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో, చుట్టుపక్కల పెద్ద రోడ్లు ఏవో తెలుగు అక్షరాల్లో రాసి టీవీ పక్కన అంటించండి. హెచ్చరికలు ఇంగ్లీషులో వేగంగా వస్తాయి, ఆ కౌంటీ పేరు, ఆ రోడ్ల పేర్లు చెవిన పడితే చాలు, అమ్మానాన్నలు లేచి ఆ గదిలోకి వెళ్లాలి. వెళ్లేటప్పుడు కాళ్లకు బూట్లు, తలకు ఏదో ఒక హెల్మెట్, చేతిలో చార్జింగ్ ఉన్న ఫోన్ ఉండేలా ఒకసారి వాళ్లతో చేయించి చూడండి.