నాజీ క్యాంపుల్లో గర్భంతో ఉన్న యూదు స్త్రీలు ఏమయ్యారు?

పోలండ్‌లోని నాజీ క్యాంపు ఆష్విట్జ్‌లో రైలు దిగగానే, ఎవరు పనికి, ఎవరు చావుకి అని జరిగే ఎంపికలోనే చాలామంది కథ ముగిసిపోయేది. పొట్ట కనబడితే గ్యాస్ చాంబరే. చంకలో పసిబిడ్డ ఉన్న తల్లికీ అదే గతి. లిథువేనియాలోని కౌనస్ ఘెట్టోలోనైతే (యూదులను నిర్బంధించిన పేట) 1942లో గర్భం దాల్చడాన్నే నిషేధించారు, శిక్ష మరణం.

ఆకలికి క్యాంపుల్లో ఎంతోమందికి నెలసరి ఆగిపోయేది. అందుకే కొందరికి తాము కడుపుతో ఉన్న సంగతే ఆలస్యంగా తెలిసేది. తెలిశాక వదులు గౌను కింద దాచుకోవడమే దారి.

ఇక్కడ గిసెల్లా పెర్ల్ గురించి చెప్పాలి. సిగెత్ పట్టణానికి చెందిన ఈ యూదు గైనకాలజిస్టును 1944లో ఆష్విట్జ్‌కు తరలించారు. బిడ్డ బయటపడితే తల్లి కూడా చస్తుందని అర్థమయ్యాక, రాత్రిళ్లు బరాక్‌లో, మురికి నేల మీద, పనిముట్లు లేకుండా ఒట్టి చేతులతో గర్భస్రావాలు చేసింది. కాన్పులు చేయడమే వృత్తిగా బతికిన మనిషి! ఆమెను తప్పుబట్టే అర్హత ఎవరికీ లేదని నా అభిప్రాయం. యుద్ధం తర్వాత న్యూయార్క్‌లో మళ్లీ వేలాది కాన్పులు చేసింది.

బతికిన పసివాళ్లూ ఉన్నారు. జర్మనీలోని డాఖౌ నాజీ క్యాంపుకు అనుబంధమైన కౌఫరింగ్ క్యాంపులో 1944 డిసెంబరు నుంచి 1945 ఫిబ్రవరి లోపు ఏడుగురు తల్లులు ప్రసవించారు. ఏప్రిల్ చివర్లో అమెరికా సైన్యం వచ్చేసరికి ఆ ఏడుగురూ, వాళ్ల ఏడుగురు బిడ్డలూ ప్రాణాలతో ఉన్నారు.